ఆ గోడ మీద అతను లేడు

ఊరు చూస్తే మన మండల కేంద్రమంత కూడా ఉండదు. జనాభా రెండు వేల లోపే. పెద్ద వీధి ఒక్కటే, ట్రాఫిక్ సిగ్నల్ కూడా ఒక్కటే. రైలు రాదు. న్యూయార్క్ నగరంలో కారెక్కితే కొండలూ పచ్చిక బయళ్లూ పాడి పశువుల కొట్టాలూ దాటుకుంటూ చేరేసరికి నాలుగు గంటలు దాటుతుంది. అయినా సరే... మామూలు సంవత్సరాల్లో రెండు లక్షల మందికి పైగా అక్కడికి వెళ్తారు. పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకున్న తండ్రులు, చేతికర్ర పట్టుకున్న తాతలు, కొత్తగా పెళ్లయిన జంటలు. అందరి తలల మీదా టోపీలే. ఏ జట్టు అభిమాని ఆ జట్టు టోపీ. కొండ మెట్లెక్కే భక్తుల్లో కనిపించే ఆత్రమే వాళ్ల నడకలోనూ ఉంటుంది.

ఆ ఊరి పేరు కూపర్స్‌టౌన్. అమెరికావాళ్లు ప్రాణంగా చూసుకునే బేస్‌బాల్‌కి అది పుణ్యక్షేత్రం. ఆ ఆట మహామహుల కంచు ఫలకాలన్నీ ఒకే గదిలో కొలువుదీరిన ‘హాల్ ఆఫ్ ఫేమ్’ ఉన్నది అక్కడే.

ఊరి చివర ఆట్సీగో సరస్సు. పొడవు పద్నాలుగు కిలోమీటర్లు. సస్క్వెహానా నది పుట్టేది ఈ సరస్సు కొసనే. ఊరు కట్టించిన విలియం కూపర్ కొడుకు ఫెనిమోర్ కూపర్ పేరున్న నవలాకారుడు. ఆయన కథల్లో ఈ సరస్సు మెరిసే అద్దంలా కనిపిస్తుంది. అయితే పెద్ద వీధిలో మాత్రం సాహిత్యం ఊసే వినపడదు. బ్యాట్ల మీద పేర్లు చెక్కిచ్చే దుకాణాలు, పాత బొమ్మల కార్డులు అమ్మే కొట్లు, సంతకాల బంతుల అంగళ్లు... అంతా ఆటే. ఆ వీధిలోనే ఎర్ర ఇటుకల భవనం. దానికి కూతవేటు దూరంలో డబుల్‌డే మైదానం.

ఈ డబుల్‌డే ఎవరో చెప్పుకోకపోతే ఊరి కథ సగమే. 1839లో ఆబ్నర్ డబుల్‌డే అనే కుర్రాడు ఇక్కడి పశువుల బీడులో బేస్‌బాల్‌ని కనిపెట్టాడని 1907లో ఓ సంఘం తేల్చింది. ఆధారం? ఓ ముసలాయన రాసిన ఉత్తరం! తీరా చూస్తే 1839లో డబుల్‌డే సైనిక విద్యాలయంలో చదువుకుంటున్నాడు. తర్వాత పెద్ద సైన్యాధికారి అయ్యాడు కానీ ఈ ఆట తనదేనని ఎక్కడా చెప్పుకోలేదు. చరిత్రకారులు ఆ కథను ఎప్పుడో కొట్టిపారేశారు. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. పక్క ఊళ్లో ఓ అటక మీది పెట్టెలో దొరికిన చినిగిన పాత బంతిని స్టీఫెన్ క్లార్క్ అనే స్థానిక ధనికుడు అయిదు డాలర్లకు కొన్నాడు. ఆయన తాత సింగర్ కుట్టుమిషన్ల కంపెనీలో భాగస్వామి. మన అమ్మమ్మలు జాకెట్లు కుట్టిన సింగర్ మిషనే! ఆ డబ్బూ, ఆ బంతీ కలిసి 1939 జూన్ 12న ఇక్కడ మ్యూజియం తెరుచుకునేలా చేశాయి. వెరసి, ఆటకు సంబంధించిన నిజానిజాలు తేల్చాల్సిన చోటు ఓ కట్టుకథ మీద లేచింది. ఆ సంగతి మ్యూజియం వాళ్లు కూడా దాచిపెట్టరు.

కంచు ముఖాల గది

లోపల మూడు అంతస్తులు. పాత చేతి తొడుగులు, మట్టి మరకల చొక్కాలు, విరిగిన బ్యాట్లు చూసుకుంటూ తిరగడానికి ఒక పూట చాలదు. కానీ అందరూ కాసేపు గొంతు తగ్గించే చోటు ఒకటుంది. కింది అంతస్తులోని ఫలకాల గది. ఎత్తయిన కప్పు, ఓక్ చెక్క గోడలు. వాటి మీద వరసలుగా కంచు ఫలకాలు. ఒక్కో దాంట్లో ఒక్కో ముఖం, కింద నాలుగు ముక్కల్లో ఆ మనిషి సాధించిందేంటో. 1936లో ఎన్నికైన తొలి అయిదుగురు టై కాబ్, బేబ్ రూత్, హోనస్ వాగ్నర్, క్రిస్టీ మాథ్యూసన్, వాల్టర్ జాన్సన్‌లతో మొదలై ఇప్పుడు 350 దాటాయి.

వేసవిలో ఏ రోజు వెళ్లినా ఈ గదిలో ఒక దృశ్యం కనిపిస్తుంది. నలభై దాటిన తండ్రి, పదేళ్ల పిల్లాడు. పిల్లాడికి అంకెలన్నీ నోటికొచ్చు. మన పిల్లలకు సచిన్ సెంచరీల లెక్క వచ్చినట్టే. అందరికంటే ఎక్కువ హోమ్‌రన్‌లు కొట్టింది ఎవరని అడిగితే ఠక్కున చెప్తాడు... బ్యారీ బాండ్స్, 762. మరి ఆ ఫలకమేది? అటు వెతుకుతాడు, ఇటు వెతుకుతాడు. చివరికి తండ్రి చెయ్యి పట్టుకుని లాగుతాడు. ‘ఎక్కడ నాన్నా?’

లేడు. అత్యుత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డును అందరికంటే ఎక్కువగా ఏడుసార్లు అందుకున్న రోజర్ క్లెమెన్స్ కూడా లేడు. ఒక తరం పిల్లల్ని బేస్‌బాల్‌కి కట్టిపడేసిన మార్క్ మెక్‌గ్వైర్, శామీ సోసా లేరు. స్టేడియం బయట దొంగచాటుగా పొడిపించుకున్న సూదులో, పూసుకున్న పూతలో వాళ్ల పేర్లకు అంటుకున్నాయి.

చాలామంది తండ్రులు ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేరు. ఎందుకంటే ఆ పిల్లాడి వయసులో వాళ్లు ఆ హీరోల్ని చూసే ఆటను ప్రేమించారు.

1998... ఆ వేసవి

బేస్‌బాల్ తెలియనివాళ్లకు ఒక్క ముక్క. పిచర్ 18 మీటర్ల దూరం నుంచి బంతి విసురుతాడు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఆ బంతి బ్యాటర్‌ని చేరడానికి అర సెకను కూడా పట్టదు. దాన్ని గాల్లోకి లేపి ప్రహరీ అవతల ప్రేక్షకుల్లో పడేస్తే హోమ్‌రన్. మన సిక్సర్‌కి అన్న అనుకోండి. 162 మ్యాచ్‌ల సీజన్‌లో నలభై కొడితే గొప్ప. 1961లో రోజర్ మారిస్ కొట్టిన 61 రికార్డు 37 ఏళ్లపాటు చెక్కుచెదరలేదు.

1994లో ఆటగాళ్లు సమ్మె చేశారు. ఆ ఏడాది వరల్డ్ సిరీసే జరగలేదు. కోట్లు సంపాదించేవాళ్లకు సమ్మె ఏంటని అభిమానులు అలిగారు. స్టేడియంలు బోసిపోయాయి. నాలుగేళ్ల తర్వాత ఇద్దరు వీరులు వాళ్లను వెనక్కి పిలిచారు. సెయింట్ లూయీలో మెక్‌గ్వైర్, షికాగోలో సోసా. ఒకరు ఇవాళ కొడితే ఇంకొకరు రేపు కొట్టేవారు. పొద్దున్నే పేపర్ తిరగేయగానే పిల్లలు ముందు ఆ రెండు అంకెలే చూసేవారు. సెప్టెంబర్ 8న మెక్‌గ్వైర్ 62వది కొట్టాడు. ఎదుటి జట్టులో ఉన్న సోసా పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. మెక్‌గ్వైర్ తన పదేళ్ల కొడుకుని గాల్లోకి ఎత్తాడు. ప్రేక్షకుల్లో ఉన్న మారిస్ పిల్లల దగ్గరకు వెళ్లి వాళ్లను హత్తుకున్నాడు. టీవీల ముందు పెద్దవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. సీజన్ ముగిసేసరికి మెక్‌గ్వైర్ 70, సోసా 66.

అంతా బయటపడే అవకాశం ఆ వేసవిలోనే వచ్చింది. ఆగస్టులో ఓ విలేకరి మెక్‌గ్వైర్ అలమారాలో ఆండ్రోస్టెనిడియోన్ సీసా చూశాడు. శరీరంలోకి వెళ్లి మగ హార్మోనుగా మారే మందు అది. ఒలింపిక్స్‌లో నిషేధం, బేస్‌బాల్‌లో కాదు. రాసినందుకు జనం ఆ విలేకరినే తిట్టిపోశారు! పండగపూట ఇల్లు ఊడ్చి దుమ్ము లేపినవాణ్ని చూసినట్టు చూశారు. స్టెరాయిడ్లు వాడకూడదని 1991లోనే లీగ్ ఓ సర్క్యులర్ పంపింది నిజమే. పరీక్షలు మొదలైంది మాత్రం 2003లో. పన్నెండేళ్లపాటు తాళం ఉంది, తలుపు లేదు.

స్టెరాయిడ్లు ఏం చేస్తాయి? బంతిని చూసే కన్నునివ్వవు. ఎప్పుడు కొట్టాలో చెప్పవు. కండ పెంచుతాయి. వ్యాయామంతో అలిసిన ఒళ్లు తొందరగా కోలుకునేలా చేస్తాయి. ఇవాళ చేసిన కసరత్తు రేపు కూడా చెయ్యొచ్చు. ఎనిమిది అడుగుల ముందు పడాల్సిన బంతి ప్రహరీ దాటుతుంది. ముప్ఫై ఏడో ఏట అందరూ రిటైర్మెంట్ గురించి ఆలోచిస్తుంటే, ఒకడు మాత్రం పాతికేళ్ల కుర్రాడిలా ఆడతాడు.

విమానాశ్రయం పక్కన ఓ గది

ఆ ఒకడి కథ తెలియాలంటే కూపర్స్‌టౌన్ వదిలి దేశం ఆ కొసకు, శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లాలి. అక్కడ సముద్రపాయ ఒడ్డున 2000లో కట్టిన స్టేడియం. ఇప్పటి పేరు ఒరాకిల్ పార్క్. కుడివైపు గోడ దాటితే నీళ్లే. ఆ నీళ్లలో చిన్న చిన్న పడవలేసుకుని, చేతుల్లో వలలు పట్టుకుని జనం కాచుకుని ఉంటారు... చేపల కోసం కాదు, బంతుల కోసం! సొంత జట్టు ఆటగాడి హోమ్‌రన్ నేరుగా నీళ్లలో పడితే దానికి ప్రత్యేకంగా లెక్క రాస్తారు. వాటిలో 35 బాండ్స్ ఒక్కడివే. సిలికాన్ వ్యాలీలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు కొన్నింటికి ఇప్పుడు అది శనివారం సాయంత్రం పిల్లలతో వెళ్లే చోటు. వెల్లుల్లి దట్టించిన బంగాళాదుంప వేపుళ్లు అక్కడ ప్రసిద్ధి. పిల్లలకు ఆట, పెద్దలకు అవి.

బాండ్స్ తండ్రి బాబీ బాండ్స్ పేరున్న ఆటగాడు. జ్ఞానపిత ఇంకెవరో కాదు, బేస్‌బాల్ దిగ్గజం విల్లీ మేస్. స్టేడియం ముందు విగ్రహమై నిలిచింది ఆయనే. 1998 నాటికే బాండ్స్ మూడుసార్లు లీగ్ అత్యుత్తమ ఆటగాడు. నాలుగొందల హోమ్‌రన్‌లు, నాలుగొందల దొంగ పరుగులు రెండూ సాధించిన మొదటివాడు. అప్పుడే ఆట మానేసినా ఆ గోడమీద ఫలకం ఖాయం. అభిమానుల గుండెల్లో ముల్లు అదే. కడుపు నిండినవాడు దొంగతనం ఎందుకు చేశాడు?

శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికా విలేకరులు ఇద్దరు 2006లో రాసిన పుస్తకం ప్రకారం, 1998లో ఇద్దరు బండరాళ్లలాంటి మనుషులకు దేశం నీరాజనాలు పట్టడం చూసి బాండ్స్‌కు కడుపు మండింది. మూడేళ్లు తిరిగేసరికి అతని ఒళ్లు మారింది. 2001లో ముప్ఫై ఏడేళ్ల వయసులో 73 హోమ్‌రన్‌లు కొట్టాడు. అంతకుముందు ఏ సీజన్‌లోనూ 49 దాటలేదు. 2004లో అతనికి బంతి వెయ్యడానికే భయపడి 120 సార్లు కావాలని వైడ్‌గా విసిరి మొదటి బేస్‌కు పంపించేశారు.

తెలుగువాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగి దక్షిణంగా వెళ్తుంటే వెంటనే వచ్చే ఊళ్లలో బర్లింగేమ్ ఒకటి. 2003 సెప్టెంబర్‌లో అక్కడి బాల్కో అనే చిన్న సంస్థమీద ఫెడరల్ అధికారులు దాడి చేశారు. పైకి పోషక పదార్థాలు అమ్మే వ్యాపారం. లోపల ‘క్రీమ్’, ‘క్లియర్’ అనే ముద్దుపేర్లతో ఉత్ప్రేరకాలు. రెండోది అప్పటి పరీక్షలకు దొరకని సరికొత్త స్టెరాయిడ్. పరుగుల రాణి మేరియన్ జోన్స్ ఒలింపిక్ పతకాలు వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చింది ఈ డొంక కదిలాకే. బాండ్స్ గ్రాండ్ జ్యూరీ ముందు అవి అవిసె నూనె, కీళ్లనొప్పుల మందు అనుకున్నానన్నాడు. తెలిసి వాడలేదన్నాడు. విచారణకు అడ్డుపడ్డాడని 2011లో దోషిగా తేల్చారు. 2015లో పై కోర్టు అదీ కొట్టేసింది. చట్టం దృష్టిలో ఇవాళ అతను నిర్దోషి.

అభిమాని దృష్టి వేరే. 2006లో శాన్‌డియాగోలో మైదానంలోకి ఎవరో ఆటబొమ్మ సిరంజి విసిరారు. ఏ ఊరెళ్లినా ఈలలు, వెక్కిరింతల అట్టలు. ఒక్క సొంతూళ్లో మాత్రం స్టేడియమంతా లేచి నిలబడి చప్పట్లు. 2018లో అతని 25వ నంబరు చొక్కాను ఇంకెవరూ వేసుకోకుండా గౌరవంగా పక్కనపెట్టింది జట్టు. మనవాడు చేస్తే లౌక్యం, పక్కవాడు చేస్తే మోసం. ఈ లెక్క ఏ దేశంలోనైనా ఒకటే కాబోలు.

షరతులు వర్తిస్తాయి

2007 ఆగస్టు 7. అదే స్టేడియంలో బాండ్స్ 756వ హోమ్‌రన్ కొట్టి హాంక్ ఆరన్ 755 రికార్డు దాటాడు. జాత్యహంకారుల బెదిరింపు ఉత్తరాలు భరిస్తూ 1974లో బేబ్ రూత్‌ని దాటిన నల్లజాతి వీరుడు ఆరన్. ఆయన రాలేదు. పెద్ద తెర మీద వీడియోలో హుందాగా అభినందించాడు. లీగ్ కమిషనర్ బడ్ సెలిగ్ కూడా ఆ రాత్రి అక్కడ లేడు.

ఆ బంతిని వేలం వేస్తే మార్క్ ఎకో అనే ఫ్యాషన్ డిజైనర్ 7,52,467 డాలర్లకు కొన్నాడు. కొని ఊరుకోలేదు. దీన్ని ఏం చెయ్యమంటారని జనాన్నే అడిగాడు. ఉన్నదున్నట్టు మ్యూజియానికి ఇవ్వాలా, రాకెట్‌లో అంతరిక్షానికి పంపాలా, నక్షత్రం గుర్తు వేసి ఇవ్వాలా? నక్షత్రం గుర్తంటే... ప్రకటనల్లో అంకె పక్కన చిన్నగా చుక్క పెట్టి కింద ‘షరతులు వర్తిస్తాయి’ అని రాస్తారే, అదే! కోటి ఓట్ల దాకా వచ్చాయి. నక్షత్రమే గెలిచింది. నూటికి 47. బంతి తోలు మీద ఆ గుర్తు కోయించి 2008లో కూపర్స్‌టౌన్‌కి ఇచ్చారు. బాండ్స్ మండిపడ్డాడు. అలాంటి బంతి పెడితే తాను అక్కడ అడుగుపెట్టనన్నాడు. మ్యూజియం తీసుకుంది. జరిగింది చూపించడం మ్యూజియం పని, గౌరవించడం ఫలకాల గది పని అని వాళ్ల వాదన. అందుకే ఒకే కప్పు కింద బాండ్స్ వస్తువులున్నాయి, బాండ్స్ ముఖం లేదు.

ఫలకం ఎవరికో తేల్చేది ముందుగా పత్రికా రచయితలు. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకే ఓటు. నూటికి 75 మంది ఒప్పుకోవాలి. ఆటతోపాటు నిజాయతీ, క్రీడాస్ఫూర్తి, శీలం చూడాలని నిబంధన. 2013లో బాండ్స్, క్లెమెన్స్ పేర్లు మొదటిసారి వచ్చాయి. ఒకరికి 36.2 శాతం, ఇంకొకరికి 37.6. ఆ ఏడాది రచయితలు ఎవర్నీ ఎన్నుకోలేదు. వేరే సంఘం ఎంపిక చేసిన ముగ్గురూ ఏనాడో చనిపోయినవాళ్లు. 2007లో కాల్ రిప్‌కెన్, టోనీ గ్విన్‌ల కోసం 75 వేల మంది వచ్చారని అంచనా వేసిన ఊళ్లో ఆ జులై వేడుక పలచగా గడిచిపోయింది. హోటళ్లవాళ్లు, కొట్లవాళ్లు ఈగలు తోలుకున్నారు.

2022లో వాళ్లకు రచయితల ఓటు ఆఖరిసారి. బాండ్స్ 66 శాతం, క్లెమెన్స్ 65.2. దగ్గరకొచ్చి ఆగిపోయారు. అదే ఏడాది, అదే ఓట్లలో బోస్టన్ ఆటగాడు డేవిడ్ ఆర్టిజ్ మొదటి ప్రయత్నంలోనే 77.9 శాతంతో గెలిచాడు. 2003 నాటి రహస్య పరీక్షలో తేడా వచ్చినవాళ్ల జాబితాలో ఆర్టిజ్ పేరుందని 2009లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆ ఫలితాల్ని నమ్మలేమని తర్వాతి కమిషనర్ అన్నాడు. అదీ నిజమే కావచ్చు. ఆర్టిజ్ నవ్వితే ఊరంతా నవ్వుతుంది. బాండ్స్ విలేకరుల్ని దగ్గరకు రానిచ్చేవాడు కాదు. ఓటేసేది విలేకరులే! ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

గోడమీద ఇంకో ముఖం దగ్గర అభిమానులు కాసేపు ఆగుతారు. బడ్ సెలిగ్. స్టెరాయిడ్ల కాలమంతా లీగ్‌ని నడిపినాయన. హోమ్‌రన్‌ల వాన కురుస్తుంటే టికెట్లు తెగ అమ్ముడయ్యాయి. ఆ సొమ్ము అందరూ పంచుకున్నారు. పరీక్షలు తెచ్చింది కూడా ఆయన హయాంలోనే అంటారు మద్దతుదారులు. 2017లో ఆయన ఫలకం వెలిసింది. మెక్‌గ్వైర్ కోచ్ టోనీ లరూసాది అంతకు మూడేళ్ల ముందే. కొట్టినవాళ్లు బయట, కొట్టించినవాళ్లు లోపల.

మెక్‌గ్వైర్ 2010లో ఒప్పేసుకున్నాడు. 1998లోనూ వాడానన్నాడు. ఫోన్ చేసి మారిస్ భార్యకు క్షమాపణ చెప్పాడు. సోసా 2024 డిసెంబర్‌లో తప్పులు జరిగాయన్నాడు కానీ ఏ తప్పులో చెప్పలేదు. షికాగో జట్టుకు అదే చాలింది, మళ్లీ పిలిచి పీట వేసింది. 2022లో న్యూయార్క్ యాంకీ ఆరన్ జడ్జ్ 62 కొట్టినప్పుడు అసలైన రికార్డు ఇదేనని మారిస్ కొడుకే అన్నాడు. పుస్తకంలో మాత్రం 73 అలాగే ఉంది.

బాండ్స్ పేరును పెద్దల సంఘం మరో రెండుసార్లు చూసింది. 2022 డిసెంబర్‌లో పదహారు మందిలో నలుగురు కూడా ఓటెయ్యలేదు. 2025 డిసెంబర్‌లో అయిదు ఓట్లు కూడా రాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అతని పక్కనే ఆడి, అతనితో కలబడిన జెఫ్ కెంట్ మాత్రం 14 ఓట్లతో నెగ్గాడు. కొత్త నిబంధన ప్రకారం బాండ్స్ పేరు 2028లో చర్చకు రాదు. 2031 దాకా ఆగాలి. అప్పటికి అతనికి అరవై ఏడేళ్లు. అప్పుడూ అయిదు ఓట్లు రాకపోతే ఇక శాశ్వతంగా తలుపు మూసుకున్నట్టే.

ఫలకాల గది థాంక్స్‌గివింగ్, క్రిస్మస్, జనవరి ఒకటి తప్ప రోజూ తెరిచే ఉంటుంది. బయటికొచ్చే దారిలో దుకాణంలో ఏ ఫలకం బొమ్మతోనైనా పోస్టుకార్డు దొరుకుతుంది. పదేళ్ల పిల్లలు వాటిని పేర్చుకుని కొనుక్కుంటారు. బేబ్ రూత్, విల్లీ మేస్, హాంక్ ఆరన్. ఆ తర్వాత అందరికంటే పైనున్న అంకె కోసం పిల్లాడు ఇంకోసారి వెతుకుతాడు. కారెక్కాక, సరస్సు కనుమరుగయ్యాక, తండ్రి నెమ్మదిగా మొదలుపెడతాడు... ‘అప్పుడు నాకు నీ అంత వయసు...’